కానరాని ద్రవ్యము — దాని చల్లని పుట్టుక

మబ్బులేని రాత్రి డాబామీద నిలిచి ఆకాశమును జూచునపుడు మనకు గోచరించు నక్షత్రములును, వాని నడుమ తెల్లగా ప్రవహించు పాలవెల్లియు విశ్వమున మిక్కిలి కొద్దిభాగము మాత్రమే. మట్టి, నీరు, గాలి, సూర్యచంద్రులు, మన దేహములు, మన వంటపాత్రలు అన్నియు జేర్చి లెక్కించినను, విశ్వమునందలి సమస్తములో అవి నూటికి 5 పాళ్లు మించవని నేటి జ్యోతిశ్శాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. నూటికి 27 పాళ్లు వేరొక పదార్థము గలదు. అది వెలుగు నీయదు, వెలుగును మ్రింగదు, చేతికి తగులదు. గోడలగుండను, భూమిగుండను, మన శరీరములగుండను అడ్డులేక సాగిపోవుచున్నది. దాని బరువు మాత్రము దాగలేదు. దీనికి కృష్ణపదార్థ మని పేరు. మిగిలిన 68 పాళ్ల కథ వేరు. దాని నిచ్చట విడిచెదను.

కంటికి గానరానిదానిని గలదని చెప్పుట యెట్లని మీ రడుగవచ్చును. గాలి యెవరికి గనబడినది? దండెముమీద నారవేసిన చీర కదలినచో గాలి వీచుచున్నదని యెరుగుదుము. ఆకాశమునను అట్టి కదలికయే సాక్ష్యము. 1933వ సంవత్సరమున ఫ్రిట్జ్ జ్వికీ యను శాస్త్రజ్ఞుడు కోమా యను గెలాక్సీల గుంపును పరిశీలించి, అందలి గెలాక్సీలు మిక్కిలి వడిగా తిరుగుచున్నను గుంపు చెదరిపోకుండుటకు, కనబడు పదార్థముయొక్క ఆకర్షణ చాలదని చెప్పెను. ఆ మాటను ఆ కాలమున చాలమంది పట్టించుకొనలేదు.

ఆ పిమ్మట దానిని పట్టించుకొనక తప్పని స్థితికి దెచ్చినవారిలో ఒక స్త్రీ ముఖ్యురాలు. ఆమె వేరా రూబిన్. అమెరికా దేశస్థురాలు, 1928లో జన్మించి 2016లో పరమపదించెను. నలుగురు బిడ్డల తల్లి. పాలొమార్ కొండమీది వేధశాలలో స్త్రీలకు బహుకాలము ప్రవేశము లేకుండెను. 1965లో అధికారికమైన యనుమతితో అచ్చట పరిశీలనచేసిన మొదటి స్త్రీ యీమెయే. అచ్చట స్త్రీలకు ప్రత్యేకమైన స్నానాలగది లేకుండుటజూచి, కాగితమును పావడావలె కత్తిరించి తలుపుమీది పురుషుని బొమ్మకు అంటించి, ‘ఇదిగో, ఇప్పుడు గలదు’ అను భావముతో లోనికి బోయెనట. మన ఆడువారి యుపాయము లెచ్చటనైన నొక్కటియే!

ఈమె కెంట్ ఫోర్డ్ అను సహచరునితో గూడి 1970లో ఆండ్రోమిడా గెలాక్సీ తిరుగుడు వేగమును కొలిచి ప్రకటించెను. మన సూర్యకుటుంబమున, సూర్యునికి దగ్గరనున్న బుధగ్రహము సెకనునకు సుమారు 47 కిలోమీటర్ల వడితో పరుగెత్తుచుండగా, దూరమున నున్న నెప్ట్యూను సుమారు 5 కిలోమీటర్లతో మెల్లగా నడచుచున్నది. దూరమైనకొలది ఆకర్షణ తగ్గుట సహజమే గదా! గెలాక్సీలందును అంచుననున్నవి మెల్లగా తిరుగవలసియుండెను. కాని అవి తిరుగుట లేదు. అంచుననున్నవియు లోపలివానితో సమానమైన వడితోనే సాగుచున్నవి. వెలుగు ముగిసినచోట పదార్థము ముగియలేదన్నమాట. గెలాక్సీ చుట్టు, దానికంటె పెద్దదైన కానరాని ద్రవ్యపుమేఘ మొకటి గలదు.

ఇంతవరకు శాస్త్రజ్ఞులు చాలవరకేకీభవింతురు. ఆ ద్రవ్యము దేనితో చేయబడినదను ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము చీకటియే. అవి బరువైన కణములని చాలకాలము విశ్వసించిరి. వానిని బట్టుటకై అమెరికాలోని దక్షిణ డకోటాలో, ఒక పాత బంగారుగనియందు, భూమికి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల లోతున, ద్రవరూపమున నున్న జెనాన్ నింపిన పెద్దతొట్టిని నిలిపి కాచుకొనియున్నారు. ఒక కణమైనను చిక్కినట్లు నిశ్చయముగా చెప్పలేకయున్నారు. కావున మరికొందరు దృష్టిని పూర్తిగా ఎదుటివైపునకు మరల్చిరి: బరువైనవి గాక, ఊహకందనంత తేలికయైన కణములైనచో?

ఎంత తేలిక? కణముల బరువును ఎలక్ట్రాన్ వోల్టులను కొలతతో చెప్పుదురు. దీపపుతీగలో పరుగెత్తు ఎలక్ట్రాను బరువు ఆ కొలతలో 5 లక్షల 11 వేలు. ఇప్పుడు చెప్పబోవు కణముల బరువు ఒకటిని, 1 ప్రక్కన 22 సున్నలు పెట్టిన సంఖ్యతో భాగింపగా వచ్చునంత అని యొక ఊహ. అనగా ఒక్క ఎలక్ట్రానుతో తులదూగుటకు ఇట్టి కణములు 5 ప్రక్కన 27 సున్నలు చేర్చినన్ని కావలెను. మరి గెలాక్సీలను కట్టియుంచునంత బరువు వీనివలన నెట్లు కలుగును? సంఖ్యచేత. మన చుట్టునున్న చోటులో, ఒక ఘనపు సెంటీమీటరులో, అనగా మన చిటికెనవ్రేలి కొనయంత జాగాలో, 3 ప్రక్కన 30 సున్నలు చేర్చినన్ని కణము లుండవలెను. ఒక్కచో నిన్ని యిముడుట కూడ అన్ని కణములకు సాధ్యము కాదు. ఎలక్ట్రానులవంటివి పంక్తిభోజనమున కూర్చున్న అతిథులవలె ఒక్కొక్క పీటపై నొక్కటే యుండును; ఒకదాని పీటపై రెండవదానిని కూర్చుండబెట్టలేము. వెలుగుకణములవంటి జాతి వేరు. అవి యెన్నియైనను ఒకేచోట నుండగలవు. ఈ తేలికకణములు రెండవ జాతివి కాక తప్పదు.

అసలు చిక్కు ఇచ్చట గలదు. మంగలములో వడ్లు వేచునప్పుడు మీరు చూచియుందురు. బరువైన గింజ లడుగున నుండగా, పేలి తేలికైన పేలాలు ఎగిరి బయటపడును. విశ్వము పుట్టిన తొలిక్షణములలో అంతయు భరింపరాని వేడి. అట్టి వేడిలో పుట్టిన కణము ఎంత తేలికయైన అంత వడిగా పరుగెత్తును. న్యూట్రినోలను కణము లట్లే పుట్టినవి. అవియే కృష్ణపదార్థమని 1980వ సంవత్సర ప్రాంతమున కొందరు తలచిరి. గణితయంత్రములచే లెక్కవేయగా, అంత వడిగా పరుగెత్తునవి చిన్న గెలాక్సీలను కూడగట్టనీయవని తేలినది. గెలాక్సీ కట్టుటకు నెమ్మదిగా నుండు పదార్థము కావలెను. చిలికినప్పుడు వెన్న చేరినట్లు మెల్లమెల్లగా ఒకచోటికి చేరవలెను. న్యూట్రినోకంటెను కోట్లకోట్ల రెట్లు తేలికయైనది నెమ్మదిగా నుండుట యెట్లు?

ప్రశ్నకు సమాధానము ఒక్క మాటలో చెప్పవచ్చును: అది ఆ మంగలములో పుట్టనే లేదు.

విశ్వమున ప్రతిచోటను ఒక సంఖ్యవంటి దొకటి యున్నదని భావింపుడు. ఈ గదిలో ప్రతిచోటను ఇంత వేడి యున్నదని చెప్పగలిగినట్లే, విశ్వమున ప్రతిబిందువునను ఒక గుణమున కింత పరిమాణమున్నదని చెప్పగలుగుదుము. శాస్త్రజ్ఞులు దీనిని క్షేత్రమందురు. క్షేత్రము కదలినప్పుడు ఆ కదలికయే మనకు కణములుగా లెక్కకు వచ్చును. దీనికి సహజమైన విశ్రాంతిస్థానమొకటి యుండును. ఉయ్యాలకు నేలవైపు నిట్టనిలువుగా వ్రేలాడుట యెట్లో అట్లు. కాని తొలినాడు క్షేత్రము తన విశ్రాంతిస్థానముననే యుండవలెనను నియమమేమియు లేదు. ఎవరో ఒకప్రక్కకు లాగిపట్టిన ఉయ్యాలవలె అది దూరముగా నుండవచ్చును. దానిని విడిచిపెట్టినచో ఊగుట ప్రారంభింపవలెను గదా! ఊగలేదు. ఎందుచేత?

ఒక గరిటెను త్రాటితో వ్రేలాడగట్టి, ముదురుపాకము నిండిన గుండిగలో ముంచి, ఒకప్రక్కకు లాగి విడిచి చూడుడు. అది ఊగదు, పాకము పట్టియుంచగా ఉన్నచోటనే నిలిచినట్లుండును. ఇప్పుడా పాకమునకు నీరు చేర్చుచు క్రమముగా పలుచన చేయుచు పొండు. ఒకానొక పలుచదనము వచ్చునప్పటికి గరిటె కదలును; ఇంకను పలుచనైన పిమ్మట అటునిటు ఊగజొచ్చును. బాల్యమున విశ్వము మహావేగముగా వ్యాపించుచుండెను. ఆ వ్యాప్తియే క్షేత్రమునకు ముదురుపాకమువలె అడ్డుపడెను. కాలము గడచినకొలది వ్యాప్తివేగము తగ్గినది, పాకము పలుచనైనది. క్షేత్రమునకు సహజమైన ఊగువేగమును, విశ్వవ్యాప్తివేగమును రమారమి సమానమైన నాడు, అంతవరకు నిశ్చలముగా నున్న క్షేత్రము మేల్కొని ఊగ నారంభించినది. ఆ ఊగుటయే కృష్ణపదార్థము.

తేలికయైన క్షేత్రము నెమ్మదిగా నూగును గాన ఆలస్యముగా మేల్కొనును. పైన చెప్పిన బరువు గలదానికి ఒక్క ఊపు పూర్తియగుటకు సుమారు 16 నెలలు పట్టును. అది మొదటిసారి కదలునప్పటికి విశ్వమునకు కొద్దినెలల ప్రాయము. అప్పటికే హైడ్రోజను, హీలియము మొదలగువాని గర్భములు ఏర్పడి ముగిసినవి. అవి విశ్వపు తొలి నిమిషములలోని పనులు. వేడిలో పుట్టినవన్నియు పుట్టి పరుగులిడుచున్న లోకమున, ఇది మాత్రము ఎవరి వేడియు తగులక, ఉన్నచోటనే యుండి, మెల్లగా నూగసాగినది. పుట్టుకలోనే పరుగు లేదు. తేలికయయ్యు చల్లగా నుండుటకు కారణమిది. నా దృష్టికి ఈ శాస్త్రమంతటిలో ఇంత చక్కని యుపాయము మరియొకటి లేదు.

చక్కదనము సరే, లెక్క సరిపోవలెను గదా యందురా? అదియు గలదు. విశ్వము ప్రతిదిశను రెట్టింపైనప్పుడు, సాధారణ పదార్థము ఎనిమిదింతల చోటున పరచుకొని యెనిమిదవ వంతు సాంద్రతకు దిగును. వెలుగు అంతకంటెను బలహీనపడి పదునారవ వంతగును. అలలు సాగి వాని శక్తియు తగ్గుటయే కారణము. ఊగుచున్న క్షేత్రము ఈ రెంటిలో దేనివలె తగ్గునో గణించిచూడగా, సరిగా పదార్థమువలె ఎనిమిదవ వంతే యగునని తేలినది. కావున మొదట వెలుగుముందు లెక్కకురాని యల్పాంశమైనను, విశ్వము పెరిగినకొలది దాని వంతు పెరుగుచు వచ్చును. విశ్వమునకు సుమారు 50 వేల యేండ్ల ప్రాయమప్పుడు పదార్థము వెలుగును మించినది. నేటి 1380 కోట్ల యేండ్లకు అది యెంత మిగులవలెనో, మొదట ఉయ్యాలను ఎంతదూరము లాగియుంచిరను దానినిబట్టి యుండును. తేలికయైనకొలది ఎక్కువ దూరము లాగవలెను.

ఈ యూహ మొదట ఇంతటి తేలికకణముల కొఱకు పుట్టినది కాదు. దాని వెనుక మరియొక స్త్రీ గలదు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్నున 1943లో జన్మించిన హెలెన్ క్విన్, 1977లో రాబర్టో పెచ్చీతో గూడి, పరమాణుగర్భములోని బలమునకు సంబంధించిన యొక చిక్కును విడదీసెను. న్యూట్రానను కణములో ధన ఋణ విద్యుత్తులు కొంచెము ఎడబడి యుండవలెనని సిద్ధాంతము సూచింపగా, ఎంత పరీక్షించినను అట్టి ఎడబాటు కనబడకుండెను. దాని నంత సున్నగా నిలిపిన దేమి? తనంతట తాను సున్నకు జారు క్షేత్రమొకటి యున్నదని వారు చెప్పిరి. మరుసటి సంవత్సరము స్టీవెన్ వైన్‌బర్గును, ఫ్రాంక్ విల్జెకును, అట్టి క్షేత్రమున్నచో దానికొక కణముండవలెనని వేర్వేరుగ గుర్తించిరి. విల్జెక్ దానికి ఆక్సియాన్ అని పేరుపెట్టెను. ఆ పేరు బట్టలుతుకు పొడిది! సిద్ధాంతమునకంటిన మరకను వదలగొట్టునది గాన చాకిరేవు పేరే తగునని యతని చమత్కారము. విశ్వరహస్యములలో నొకదానికి మన పెరటి సబ్బుపొడి పేరు నిలిచిపోయినది.

ఆక్సియాను మొదట నిశ్చలముగానుండి తరువాత నూగును గావున అదియే కృష్ణపదార్థము కావచ్చునని 1983లో మూడు బృందములవారు ఒకే పత్రికయొక్క ఒకే సంపుటమున ప్రకటించిరి. ప్రెస్కిల్, వైజ్, విల్జెకులు ఒకరు. ఆబట్, సికివీలు మరియొకరు. డైన్, ఫిష్లరులు మూడవవారు. వారు తలచిన ఆక్సియాను మన తేలికకణముకంటె కోటికోట్ల రెట్లకు పైగా బరువు. అది సెకనులో అత్యల్పభాగము గడచునంతలోనే మేల్కొనును. గరిటె, పాకముల కథ మాత్రము రెంటికి నొకటే.

అందరి ఉయ్యాలలను ఒకే దూరమునకు లాగిన దెవరు? తొలిక్షణమున విశ్వము కన్నుమూసి తెరచునంతకంటె మిక్కిలి స్వల్పకాలములో అత్యంతముగా ఉబ్బెనని చాలమంది నమ్ముచున్నారు. అట్లైన, ఒక చిన్న చుక్క యుబ్బి మనము చూచు విశ్వమంతయు నైనది. ఆ చుక్కలో నున్న విలువయే అంతటను పరచుకొన్నది. ఆ యుబ్బు ముగిసిన తరువాత క్షేత్రము పుట్టినచో సంగతి వేరు. ఒక్కొక్క చోట ఒక్కొక్క విలువ యుండి, వాని నడుమ చిక్కుబడిన నూలువంటి దారము లేర్పడి, ఆ దారములు తెగి కరగునప్పుడు కూడ కణములు రాలును. మొదటిమార్గములో కూడ ఒక నిర్బంధము గలదు: ఉబ్బునప్పుడు క్షేత్రమునకు కలిగిన స్వల్పపు తడబాటులు, విశ్వపు తొలి వెలుగులో ఒక ప్రత్యేకమైన గుర్తును విడువవలెను. 2009లో పంపబడిన ప్లాంక్ అను ఉపగ్రహము ఆ వెలుగును సూక్ష్మముగా కొలిచినను అట్టి గుర్తు కనబడలేదు. కావున ఆ యుబ్బు మరీ తీవ్రమైనది కాదనవలెను, లేదా ఈ కథ తప్పనవలెను.

అంత తేలికయైన కణము ఒక చుక్కవలె నుండదు, అలవలె పరచుకొనియుండును. మన పాలవెల్లిలో తిరుగు వడితో, పైన చెప్పిన బరువు గలదాని అల పొడవు సుమారు 2 వేల కాంతిసంవత్సరములు! కాంతి 2 వేల యేండ్లు పరుగెత్తు దూరమంత వెడల్పైన వస్తువును చిన్నపాత్రలో పోయలేము. అట్లే యీ ద్రవ్యము మరీ చిన్న ముద్దలుగా గట్టిపడదు. 2000వ సంవత్సరమున వేన్ హూ, బర్కానా, గ్రూజినోవ్ అను మువ్వురు దీనిని ప్రతిపాదించిరి. బరువైన కణముల సిద్ధాంతము ప్రకారము చిరుగెలాక్సీల నడుమ ద్రవ్యము పదునుగా కూడవలెను; పరిశీలింపగా కొన్నింట మెత్తగా పరచుకొన్నట్లు తోచుచుండెను. తేలికకణములైన ఆ మెత్తదనము సహజమగును.

అయితే ఈ సద్గుణమే దీని మెడకు చుట్టుకొన్నది. చిన్న ముద్దలు కట్టనీయనిదైనచో, విశ్వమున చిన్న ముద్దలు కనబడకూడదు. దూరపు క్వేసారుల కాంతి మనవద్దకు వచ్చుదారిలో హైడ్రోజను మేఘములచే అచ్చటచ్చట మ్రింగబడి, వర్ణపటమున దట్టమైన గీతలు పడును. ఆ గీతలను జదివి మేఘము లెంత చిన్నముద్దలుగా నున్నవో చెప్పవచ్చును. కీర్ రోజర్సును, శ్రీలంకలో జన్మించిన హిరణ్య పైరిస్ అను విదుషియు 2021లో అట్లు చదివి, ఈ కణములే సమస్త కృష్ణపదార్థమైనచో వాని బరువు పైన చెప్పినదానికి సుమారు 200 రెట్లకు తక్కువ కాకూడదని తేల్చిరి. మరుసటి సంవత్సరము దలాల్, క్రావ్‌త్సోవు లనువారు మిక్కిలి మసకయైన చిరుగెలాక్సీలలోని నక్షత్రముల వడినిజూచి, అంతకంటెను గట్టి హద్దు పెట్టిరి. ఈ లెక్కలలో వాదములు లేకపోలేదు. నాకు తోచునది చెప్పవలెనన్న, 2000లో ప్రతిపాదింపబడిన ఆ బరువు, కనీసము సమస్త కృష్ణపదార్థము తానేయను రూపమున, నిలుచుట దుర్లభము. పాకములో గరిటెకథ మాత్రము చెడలేదు. గరిటెను కొంచెము బరువు చేసిన నది యథాప్రకారమే యూగును.

దీనిని నేరుగా వెదకువారును గలరు. 1967లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన పల్సారులు నియతకాలమున రేడియోతరంగముల నంపు నక్షత్రములు, గడియారములవలె నమ్మదగినవి. కృష్ణపదార్థము ఊగుచున్నచో, దానితో ఆకర్షణయు సన్నగా ఊగి, ఆ గడియారములు నెలలతరబడి కొంచెము ముందు వెనుకలగా కొట్టవలెనని 2014లో ఖ్మెల్నిట్స్కీ, రుబకోవులు చెప్పిరి. ఐరోపావారు అట్టి గడియారములను ఏండ్లతరబడి వినుచు వచ్చి, మన తేలికకణముకంటె ఇంకను తేలికయైన కొన్ని బరువులు సమస్త కృష్ణపదార్థము కాజాలవని 2023లో తేల్చిరి. పూనాకు సమీపమున నారాయణగావ్ వద్దనున్న మహారేడియో దూరదర్శినితో మన దేశపు శాస్త్రజ్ఞులును పల్సారులను వినుచున్నారు. ఆ కూటమిలో హైదరాబాదు ఐ.ఐ.టి. వారును గలరు. బరువైన ఆక్సియానులకై అమెరికాలోని సియాటిల్ నగరమున, బలమైన అయస్కాంతములో చల్లబరచిన లోహపుపెట్టె నుంచి, రేడియో సెట్టు త్రిప్పినట్లు ఒక్కొక్క శ్రుతిని త్రిప్పుచు విను ప్రయత్నము సాగుచున్నది.

ఇక చిరుగెలాక్సీల సంగతి. దక్షిణమెరికాలోని చిలీ దేశమున, సెర్రో పచోన్ అను కొండమీద నూతన వేధశాల యొకటి నిర్మింపబడినది. 2025 జూనులో దాని తొలిచిత్రములు ప్రకటింపబడినవి. అది దక్షిణాకాశమును పది సంవత్సరములపాటు మరల మరల చిత్రించి, పాలవెల్లిచుట్టు నింతవరకు కనబడని మసకగెలాక్సీలను లెక్కించుటకు ఉద్దేశింపబడినది. మరీ చిన్నవి విస్తారముగా గనబడినచో తేలికకణమునకు చోటు ఇంకను తగ్గును. ఒకానొక కొలతకు దిగువ నొక్కటియు లేనిచో దానికి బలము కలుగును. ఒకప్పుడు కొండమీది వేధశాల తలుపున కాగితపు పావడా నంటించిన వేరా రూబిన్ పేరే ఈ వేధశాలకు పెట్టియున్నారు.